ఏడాది మీద ఒక్కరోజు

నార్త్ కరొలినాలో విడాకులు అడగడానికి కారణం చెప్పక్కర్లేదు. కొట్టాడా, తాగుతాడా, ఇంకెవరైనా ఉన్నారా అని కోర్టు అడగదు. రెండే రెండు అడుగుతుంది. ఇద్దరిలో ఒకరైనా ఆరు నెలలుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నారా? భార్యాభర్తలు ఏడాదిపాటు వేరు వేరుగా బతికారా? కాబట్టి మా కారణాలు నేనూ ఇక్కడ రాయను. కోర్టుకే అక్కర్లేనివి చదివేవాళ్ళకెందుకు? అతను నా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదని మాత్రం చెప్పాలి. చేసుకుని ఉంటే రక్షణ ఉత్తర్వు కోసం వేరే చట్టం ఉంది, దానికి ఏడాది ఆగక్కర్లేదు. మాకు ఆ దారి లేదు.

నేను ఈ రాష్ట్రంలోని కేరీకి వచ్చింది హెచ్‌-4 వీసా మీద, అంటే హెచ్‌-1బి మీద ఉద్యోగం చేసే మనిషి భార్యగా. భర్తకి గ్రీన్‌కార్డు దారిలో వచ్చే ఐ-140 ఆమోదం వచ్చి ఉంటే 2015 నుంచి హెచ్‌-4 వాళ్ళు కూడా వర్క్ పర్మిట్ తీసుకోవచ్చు. మాకు అది రాలేదు. పర్మిట్ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు, ఆ నంబరు లేకపోతే క్రెడిట్ హిస్టరీ ఉండదు. తణుకులో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి సొంత జీతం తెచ్చుకున్నదాన్ని, ఇక్కడ కొత్తిమీర కట్ట కొని కార్డు గీకినా అతని ఫోనుకి మెసేజ్ వెళ్ళేది.

మొదటిసారి లాయరు దగ్గరికి వెళ్ళేనాటికి మేం ఒక ఇంట్లోనే రెండు ఇళ్ళుగా ఉంటున్నాం. అతను కింద గెస్ట్ రూములో, నేనూ పాపా పైన. వంటింటి గట్టు మీద రెండు రైస్‌కుక్కర్లు. నాది పాతది, పెళ్ళికి పిన్ని ఇచ్చింది. అతను కొత్తది తెచ్చుకున్నాడు. ఎవరి బియ్యం వాళ్ళం కడుక్కుని, ఎవరి కంచం వాళ్ళం తోముకునేవాళ్ళం. పాప మాత్రం ఏ కుక్కర్‌లో ముందు ఉడికితే ఆ అన్నం తినేది.

"ఎప్పటినుంచి వేరుగా ఉంటున్నారు?" అని అడిగింది లాయరు. యాభై ఏళ్ళుంటాయి ఆవిడకి. నిదానంగా మాట్లాడుతుంది.

"మార్చి నుంచి."

"ఇప్పుడు మీ అడ్రసు?"

"అదే అడ్రసండి. నేను పైన, ఆయన కింద."

ఆవిడ కలం పక్కన పెట్టి చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటే, గదులు వేరైనా, మాటలు లేకపోయినా, ఈ రాష్ట్రంలో ఒక్కరోజు కూడా లెక్కలోకి రాదు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇల్లు మారాలి. మారిన రోజు కనీసం ఒకరికైనా ఇక కలిసి ఉండకూడదన్న నిర్ణయం ఉండాలి. ఆ రోజు నుంచి ఏడాది నిండి, ఇంకొక్క రోజు దాటాక పిటిషన్ వేయొచ్చు. ముందు రోజు వేసినా కొట్టేస్తారు.

భీమవరంలో వకీలుగా ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయికి ఆ రాత్రే ఫోన్ చేశాను. "మనదగ్గరైతే చెల్లునే అమ్మలూ" అన్నాడు అన్నయ్య. మన వివాహ చట్టంలో 13-బి సెక్షన్ కింద ఇద్దరూ ఒప్పుకుని వేసే విడాకులకి మనకీ ఏడాది ఎడబాటు కావాలి. కానీ 1991లోనే సుప్రీంకోర్టు, భార్యాభర్తలుగా బతకకపోతే ఒకే కప్పు కింద ఉన్నా వేరుగా ఉన్నట్టే అని చెప్పింది. ఆ లెక్కన నాకు అప్పటికే సగం ఏడాది గడిచింది. ఈ లెక్కన ఇంకా మొదలే కాలేదు. అయితే ఇండియాలో వేద్దామంటే, పిటిషన్ వేశాక మళ్ళీ ఆరు నెలల గడువు. 2017 నుంచి జడ్జిలు దాన్ని తగ్గించే వీలుంది కాని, ముందు ఇద్దరం వెళ్ళి నిలబడాలిగా. అతను వీసా స్టాంపింగ్ దగ్గర ఆపేస్తారన్న భయంతో చెల్లెలి పెళ్ళికే వెళ్ళలేదు.

చట్టం రాసినవాళ్ళు మంచికే రాసి ఉంటారు. కోపంలో తీసుకున్న నిర్ణయం ఏడాదిలో చల్లారుతుందేమోనని. కానీ ఏడాది లెక్క మొదలవ్వాలంటే రెండో ఇల్లు ఉండాలి. రెండో ఇంటికి అద్దె కట్టాలంటే ఎవరో ఒకరి చేతిలో డబ్బుండాలి. అతను ఇల్లు వదలనన్నాడు. అందువల్ల లెక్క మొదలుపెట్టాల్సింది నేను, చేతిలో ఏమీ లేనిదాన్ని.

అపార్ట్‌మెంట్ ఆఫీసుల్లో అందరూ ఒకటే మాట. అద్దెకి మూడు రెట్లు ఆదాయం చూపించండి. లేదా కోసైనర్‌ని తెండి. డాలస్‌లో ఉన్న తమ్ముడు సంతకం పెడతానన్నాడు గాని, వాడి ఉద్యోగం అప్పుడే పోయి కొత్తది చేతికి రాలేదు. చివరికి మోరిస్‌విల్‌లో ఒక తెలుగువాళ్ళు టౌన్‌హోమ్‌లో పై గది ఇస్తామన్నారు. మంచివాళ్ళే. కానీ లీజు కాగితం కావాలంటే ఆ ఇంటి అమ్మాయి మొహమాటపడింది. "మనవాళ్ళమే కదండీ, కాగితాలెందుకు? నెలనెలా క్యాష్ ఇవ్వండి చాలు." నాకు గది ఎంత అవసరమో, తేదీ వేసి సంతకం చేసిన కాగితం అంత అవసరమని ఎలా చెప్పను? కోర్టు గొడవల్లో తమ పేరు వస్తుందని వాళ్ళ భయం. చివరికి వాళ్ళ అత్తగారు, విజిటర్ వీసా మీద వచ్చి ఉన్న పెద్దావిడ, "రాసివ్వరాదుటే, ఇంట్లో ఉందని ఉన్న మాటేగా రాసేది" అంటే రాసిచ్చారు. మొదటి మూడు నెలల అద్దె నాన్న పంపారు. రిటైరైన మనిషి, బ్యాంకులో ఆ ఫారాలన్నీ నింపి, కారణం దగ్గర కుటుంబ పోషణ అని రాశారట. ఆ మాట అమ్మ చెప్పింది. ఆయన చెప్పలేదు.

దసరా సెలవుల రోజుల్లో మారాను. దసరా అని మనకే తెలుసు, ఇక్కడ మామూలు శనివారం. పెట్టెలు అతనే కారు ట్రంకులో సర్దాడు. "గ్రైండరు కూడా తీసుకెళ్ళు, నాకెందుకు" అన్నాడు. ఇలాంటివి రాస్తే చదివేవాళ్ళు, మరి ఎందుకు విడిపోయారని అడుగుతారు. గ్రైండరు ఇచ్చే మంచితనం ఒకటి, కలిసి బతకడం ఒకటి. ఆ రాత్రి లాయరు చెప్పినట్టు ఈమెయిల్ పంపాను. ఈరోజు నుంచి మనం వేరుగా ఉంటున్నాం, మళ్ళీ కలిసి ఉండే ఉద్దేశం నాకు లేదు అని. ఓకే అని జవాబొచ్చింది.

అప్పటినుంచి నా బతుకంతా రుజువులు దాచడమైంది. అద్దె రసీదులు, కొత్త అడ్రసుతో లైబ్రరీ కార్డు, పాప స్కూల్ బస్సు మార్చిన కాగితం, ఫోన్ బిల్లు. కొన్నిటికి మాత్రం ఏడాది అక్కర్లేదని తెలియడం మేలైంది. పాప కస్టడీ, పాప ఖర్చులు, నాకు మధ్యంతరంగా భరణం, వీటిని వేరుపడగానే అడగొచ్చు. ఇది చెప్పకపోతే చాలామంది అమ్మాయిలు ఏడాది పొడుగునా ఒక్క డాలరు అడగకుండా ఉండిపోతారని లాయరు అంది. నేనూ ఉండిపోయేదాన్నే. అడిగాం. లాయర్ల మధ్య ఉత్తరాలతోనే తేలింది.

సలహాలకు లోటుండదు. కేరీ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే ప్రసాదం దగ్గర నిలబడ్డ ఒకావిడ నెవాడా వెళ్ళమంది. అక్కడ ఆరు వారాలుంటే చాలట, వాళ్ళ కజిన్‌కి తెలిసిన వాళ్ళెవరో చేశారట. తమ్ముడు టెక్సస్ రమ్మన్నాడు. "ఇక్కడైతే ఎడబాటు లెక్కే లేదక్కా. రాష్ట్రంలో ఆరు నెలలు, కౌంటీలో తొంభై రోజులుంటే పిటిషన్ వేయొచ్చు, వేశాక అరవై రోజులు ఆగితే అయిపోతుంది." వాడు చెప్పింది నిజమే. ఆశగా లాయరుకి చెప్పాను.

టెక్సస్ గురించి ఆవిడ పాప పేరెత్తింది. కస్టడీకి పిల్లలు గత ఆరు నెలలు ఏ రాష్ట్రంలో ఉన్నారో ఆ రాష్ట్రమే ఇల్లు. పాపని తీసుకుని నేను వెళ్ళిపోతే, ఆరు నెలల్లోపు అతను ఇక్కడ కేసు వేస్తే ఇక్కడి కోర్టే వింటుంది. ఇండియా వెళ్ళినా అంతే, ఇంకా కష్టం. విడాకులు అక్కడ, బిడ్డ కేసు ఇక్కడ.

నెవాడాకి మాత్రం ఆవిడ దగ్గర ఒక కథ ఉంది, సంబరంగా చెప్పింది. 1940లో ఈ రాష్ట్రంలోనే గ్రానైట్ ఫాల్స్ అనే ఊళ్ళో కొట్టు నడిపే ఒకాయన, ఆయన గుమాస్తా భార్య, ఇద్దరూ కలిసి లాస్ వేగస్ వెళ్ళారు. ఒక మోటెల్ లాంటి చోట ఆరు వారాలు బసచేసి, ఎవరి విడాకులు వాళ్ళు తీసుకుని, అక్కడే పెళ్ళి చేసుకుని తిరిగొచ్చి కాపురం పెట్టారు. ఈ రాష్ట్రం వాళ్ళ మీద రెండో పెళ్ళి నేరం కింద కేసు పెట్టి శిక్ష వేసింది. 1942లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. మళ్ళీ విచారించి మళ్ళీ శిక్ష వేస్తే, 1945లో అదే సుప్రీంకోర్టు సరేనంది. వాళ్ళు నెవాడాలో కాపురం ఉండడానికి వెళ్ళలేదు, విడాకులకి వెళ్ళారు అన్నది తేలిందిగా మరి.

భీమవరం అన్నయ్యకి ఈ కథ చెబితే, "అంత దూరమెందుకు, మన తిరుపతి కేసే ఉంది" అన్నాడు. 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక తెలుగాయన, అమెరికా వెళ్ళి, మిస్సోరీలో తొంభై రోజులుగా ఉంటున్నానని చెప్పి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. భార్య అక్కడికి వెళ్ళనే లేదు. 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. 1991లో మన సుప్రీంకోర్టు, విడాకుల కోసం తొంభై రోజుల నియమం పైపైన పూర్తిచేసినంత మాత్రాన అక్కడి నివాసి కాడు, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదు అంది. అవతలి మనిషి తానుగా ఆ కోర్టుకి ఒప్పుకుంటే, ఆ విడాకులకి సమ్మతిస్తే వేరే సంగతి. "కాబట్టి నువ్వు అడ్డదారి వెతక్కు. ఏడాది కూర్చో. అతని సంతకం మాత్రం వదలకు" అన్నాడు.

కూర్చున్నాను. కానీ ఆ ఏడాది మధ్యలో నాకు ఇంకో తేదీ ఉంది. నా ఐ-94, అంటే ఈ దేశంలో ఉండడానికి ఇచ్చిన గడువు, మార్చిలో ముగుస్తుంది. మామూలుగా భర్త హెచ్‌-1 పొడిగించేటప్పుడే కంపెనీ లాయరు భార్యాపిల్లల కాగితాలు కూడా కలిపి పంపుతాడు. అతను తనది పొడిగించుకున్నాడు, నాది చేర్చలేదు. మర్చిపోయాడో, కావాలనో ఇప్పటికీ నాకు తెలీదు. డ్రైవింగ్ లైసెన్సు కూడా ఆ తేదీతోనే చస్తుంది, కారు లేకుండా మోరిస్‌విల్‌లో పాపని డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళలేను. పొడిగింపుకి నేనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కాని జతచేయాల్సినవన్నీ అతనివి. అతని అప్రూవల్ నోటీసు, అతని పేస్లిప్పులు, మా పెళ్ళి సర్టిఫికెట్. విడాకుల కోసం ఒక పక్క అతనితో కాపురం లేదని కాగితాలు పోగేస్తూ, ఇంకో పక్క అతని భార్యనని కాగితాలు పోగేశాను. రెండూ నిజాలే. పెళ్ళి రద్దయ్యేదాకా భార్యే కదా.

అప్పుడు అర్థమైంది, ఆ ఏడాదే నన్ను ఈ దేశంలో నిలబెడుతోందని. విడాకుల తీర్పు వచ్చిన రోజే నా హెచ్‌-4 పోతుంది. ఏడాది ఎప్పుడు గడుస్తుందా అని కేలండర్ చూసుకున్న నేనే, అంత తొందరగా గడవకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. అతని పేస్లిప్పులు ఆఖరివారంలో వచ్చాయి. లాయరు రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. పాప ఫోన్ చేసి, "డాడీ, అమ్మకి పేపర్స్ కావాలిట" అంటే పంపాడు. దానిచేత అడిగించినందుకు లాయరు నన్ను మందలించింది. నేను అడిగించలేదు. అది విని అడిగింది.

శ్రావణమాసంలో అత్తయ్యగారూ మావయ్యగారూ వచ్చారు. ఏడాది నిండడానికి ఇంకా రెండు నెలలు. అత్తయ్యగారు ఫోన్ చేసి, "వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజులు వచ్చి ఉండు తల్లీ. మీ మావయ్యగారికి వాడింకా చెప్పలేదు. ఆయనకి స్టెంటు వేశారు, తెలుసుగా" అన్నారు. నాలుగు రోజులు. పట్టుచీర కట్టుకుని, పీటల మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి తాంబూలాలిచ్చి, ఫోటోలు దిగి.

లాయరుని అడిగాను. ఎప్పుడైనా ఒకసారి కలిసినంత మాత్రాన ఎడబాటు చెడదని చట్టంలోనే ఉందట. కాని పెట్టె సర్దుకుని వెళ్ళి, నలుగురి ముందు మొగుడూ పెళ్ళాల్లా ఉంటే, రేపు ఎవరైనా వీళ్ళు మళ్ళీ కలిశారు అంటే జడ్జి అన్నీ కలిపి చూస్తాడు. మళ్ళీ కలిశారనుకుంటే లెక్క సున్నా నుంచి మొదలు. మన ఇళ్ళలో పరువు కోసం ఆడే ఆ నాలుగు రోజుల నాటకమే సరిగ్గా ఆ చట్టం చూసేది. రానన్నాను. అత్తయ్యగారు ఫోన్ పెట్టేశారు.

తరవాతి ఆదివారం మావయ్యగారే వచ్చారు. అతను కింద దింపి కారులోనే కూర్చున్నాడు. ఆయన మెట్లు ఆగి ఆగి ఎక్కి, గదిలో ఒక్కటే కుర్చీ ఉంటే దాంట్లో కూర్చోక మంచం అంచున కూర్చున్నారు. జంతికల డబ్బా నా చేతికిచ్చారు.

"వాడు చెప్పలేదమ్మా. పాప చెప్పింది, తాతా మా ఇల్లు వేరే అని."

నాకు మాట రాలేదు. ఆయనే మళ్ళీ అడిగారు. "వద్దనుకున్నాక ఏడాది ఎందుకమ్మా?"

"ఇక్కడి చట్టమండి మావయ్యగారూ."

"మరి నేనొచ్చినందుకు నీ ఏడాది చెడిపోదు కదా?"

"లేదండి. మీరు రావచ్చు. నేనే అక్కడికి రాకూడదు."

తల ఊపి మంచినీళ్ళు అడిగారు. కాసేపు పాప బొమ్మలు చూసి వెళ్ళిపోయారు. ఆ ఏడాదిలో నన్ను కారణం అడగనివాళ్ళు ఇద్దరే, కోర్టూ ఆయనా.

చివరి రెండు నెలలు బేరం. ఈ రాష్ట్రంలో ఇంకో మెలిక ఉంది. ఆస్తి పంపకం, భరణం విడాకుల తీర్పు కంటే ముందే కోర్టులో అడిగి ఉండాలి, లేదా ఒప్పందం రాసుకుని ఉండాలి. తీర్పొచ్చాక ఆ హక్కే పోతుంది. విడాకులు వస్తే చాలనుకుని సంతకం పెట్టి, తరవాత ఇంట్లో వాటా అడగబోతే తలుపు మూసేసి ఉంటుంది. మాకు ఇక్కడ సొంతిల్లు లేదు. షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాటు ఉంది, అతని పేరు మీద. దాని అడ్వాన్సులో నా గాజులు అమ్మిన డబ్బుంది.

నాకు అప్పటికే ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్‌కి సీటొచ్చింది. హెచ్‌-4 నుంచి ఎఫ్‌-1కి అంటే స్టూడెంట్ స్టేటస్‌కి మారడానికి దరఖాస్తు పెట్టాను, నెలలు పడుతుంది. ఏడాది మీద ఒక్కరోజు గడిస్తే పిటిషన్ నేనే వేయాలని లేదు, అతనూ వేయొచ్చు. వేసి, నా ఎఫ్‌-1 రాకముందే తీర్పొస్తే నా స్టేటస్ ఏమవుతుంది? ఆ మాట లాయర్లిద్దరికీ తెలుసు. అతనికి అప్పటికే ఊళ్ళో సంబంధాలు చూస్తున్నారని విన్నాను. చివరికి ఒప్పందంలో రెండు వాక్యాలు పక్కపక్కనే చేరాయి. నా ఎఫ్‌-1 ఆమోదం వచ్చేదాకా అతను పిటిషన్ వేయడు. ప్లాటులో నేను వాటా అడగను. ఎవరూ ఒకదానికొకటి అని రాయలేదు. చట్టానికి ఏడాది ఇద్దరికీ ఒకటే. నేను ఆ ఏడాది మీద ఇంకొన్ని నెలలు కొనుక్కున్నాను, ప్లాటు పెట్టి.

ఆమోదం వచ్చిన వారంలో పిటిషన్ వేశాం. కాగితాలు అందాక జవాబివ్వడానికి అతనికి ముప్ఫై రోజులు. అంతకుముందే అభ్యంతరం లేదని సంతకం పెట్టి పంపాడు. రాలీలో ఫాయెట్‌విల్ వీధి కోర్టులో ప్రమాణం చేసి నిలబడ్డాను. ఎప్పుడు పెళ్ళయింది, ఎప్పుడు వేరుపడ్డారు, అప్పటినుంచి మళ్ళీ కలిసి ఉన్నారా, ఈ రాష్ట్రంలో ఆరు నెలలుగా ఉంటున్నారా. లీజు కాగితం, ఆ ఈమెయిల్ ఫైలులో పైనే పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. జడ్జి సంతకం పెట్టాడు. తరవాతి కేసు పిలిచారు.

డిక్రీకి రాష్ట్ర కార్యాలయం నుంచి వేరే దేశంలో చూపించుకోడానికి అపోస్టిల్ ముద్ర వేయించి, అతని సమ్మతి కాగితంతో కలిపి అన్నయ్యకి స్కాన్ పంపాను. బీరువాలో పెట్టుకో, పోగొట్టుకోకు అన్నాడు. వాషింగ్టన్‌లోని ఇండియన్ ఎంబసీకి పాస్‌పోర్టు పంపాలి, భర్త పేరు తీయించడానికి. ఎఫ్‌-1 అయ్యాక ఫీజు బయటి రాష్ట్రం వాళ్ళ లెక్కన కట్టమన్నారు, ఎక్కువే. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని దొరికింది. దాంతోపాటు సోషల్ సెక్యూరిటీ నంబరూ వచ్చింది.